మీట చెప్పు మాట

కంప్యూటరునకు మన మాటలను అందజేయు సాధనములలో కీబోర్డు ముఖ్యమైనది. దానిపై ‘కె’ అను ఆంగ్లాక్షరము గల మీటను నొక్కిన మరుక్షణమే తెరపై ఆ అక్షరము కనబడును. అక్షరమే తీగవెంట పయనించి వచ్చినదని మనకు తోచును. కాని తీగలో పోవునది అక్షరము కాదు, ఒక సంఖ్య. ఆ సంఖ్య ఎట్లు పుట్టునో, ఎట్లు అక్షరమగునో తెలిసికొందము.

కీబోర్డునందు సాధారణముగా నూరింటికి పైగా మీటలుండును. మీటకొక తీగ చొప్పున వేసినచో తీగలు లెక్కకు మిక్కిలి యగును. అందుచే మీటల క్రింద తీగలను వలవలె అడ్డముగను నిలువుగను పరతురు. అడ్డుతీగలు 8, నిలువుతీగలు 16 ఉన్నవనుకొనుడు. అవి 128 చోట్ల ఒకదానినొకటి దాటును. అనగా 24 తీగలే 128 మీటలకు చాలును. మీటను నొక్కినపుడు ఆ చోట రెండు తీగలును కలిసికొని విద్యుత్తు ప్రవహించును. తరగతిలో “మూడవ వరుస, ఐదవ స్థానము” అన్నచో విద్యార్థి ఎవరో తెలియును గదా! మీటయు అట్లే గుర్తింపబడును.

కీబోర్డు లోపల నున్న చిన్న చిప్పు కావలివానివలె ఈ వరుసల నన్నిటిని ఎడతెగక పరీక్షించుచుండును. మీటను నొక్కగనే లోహపు ముక్కలు వెంటనే కుదురుకొనక, కొలది మిల్లీసెకనులపాటు అదరును. ఆ అదురును లెక్కించినచో ఒక అక్షరమునకు మారుగా మూడు నాలుగు పడును. కనుక అదురు ఆగిన పిమ్మటనే చిప్పు ఆ మీట నొక్కబడెనని నిశ్చయించును.

ఇక ఈ వార్త కంప్యూటరునకు చేరవలెను. తీగతో తగిలించు కీబోర్డులలో నేడు విరివిగా వాడుకలో నున్నది 1996లో వెలువడిన యు.ఎస్.బి. పద్ధతి. ఇందు కీబోర్డు తనంత తాను వార్త పంపదు. ఉపాధ్యాయుడు అడిగినపుడే బదులు చెప్పు విద్యార్థివలె వేచియుండును. కంప్యూటరు సెకనుకు నూరు మార్లో, అంతకు మించియో “ఏమైన విశేషమా?” అని అడుగుచుండును. విశేషమున్నచో సామాన్యముగా ఎనిమిది సంఖ్యల వరుస బదులుగా వచ్చును. అందు మొదటిది షిఫ్టు, కంట్రోలు వంటి తోడుమీటల స్థితిని తెలుపును. రెండవ స్థానము ఖాళీ. తక్కిన ఆరును నొక్కియున్న మీటల సంఖ్యలకు నియతములు.

‘కె’ మీట సంఖ్య 14. దానిని మాత్రమే నొక్కినచో 0, 0, 14, 0, 0, 0, 0, 0 అను వరుస పోవును. ఎడమ షిఫ్టుతో కలిపి నొక్కినచో మొదటి సున్న స్థానమున 2 చేరును. మీటలను విడిచినపుడు అన్నియు సున్నలే. ఈ విడుపువార్త చేరనిచో, మీట ఇంకను నొక్కియే యున్నదని తలచి కంప్యూటరు ఆ అక్షరమునే మరల మరల వ్రాయుచుండును.

14 అను సంఖ్యను అక్షరముగా మార్చుట కంప్యూటరు పని. అందులకై దానివద్ద ఒక పట్టిక యుండును. ఆంగ్ల పట్టిక ననుసరించినచో 14 చిన్నబడి ‘కె’ అగును. భారతీయ భాషలకై ఏర్పరచిన ఇన్‌స్క్రిప్ట్ తెలుగు పట్టిక ననుసరించినచో అదియే ‘క’ అగును. షిఫ్టు తోడైనచో ‘ఖ’ అగును. మీట మారలేదు, తీగ మారలేదు, సంఖ్యయు మారలేదు. పట్టిక మాత్రమే మారినది.

పూర్వపు టైపురైటరులో అక్షరరూపమును లోహపు అచ్చుగా పోసి మీటకు బంధించెడివారు. తెలుగు వ్రాయవలెనన్న తెలుగు అచ్చులు గల యంత్రమే వేరుగా కావలసియుండెను. గుణింతములు, ఒత్తులు అన్నియు ఆ కొలది మీటలలోనే ఇముడవలసియుండెను. కంప్యూటరు కీబోర్డునకు ఆ బంధము లేదు. దాని మీటలపై ముద్రించిన గుర్తులు మన కన్నులకే గాని యంత్రమునకు గావు. కనుకనే ఆంగ్లాక్షరములు ముద్రించిన కీబోర్డుపైననే మన తెలుగును చక్కగా వ్రాసికొనగలుగుచున్నాము. అందులకు వలసినది తెలుగు పట్టికయు, దానిని నేర్చుకొను శ్రద్ధయు మాత్రమే.