తడి గోడ – బూజు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని తెలుగింటి పెద్దలు పిల్లలకు పదేపదే చెబుతారు. మామిడి ముక్కలను తుడిచి ఆరబెట్టడం, జాడీని ఎండలో ఉంచడం, ఉప్పును, నూనెను తగు పాళ్లలో కలపడం – ఇవన్నీ ఒకే జాగ్రత్తకు వేర్వేరు రూపాలు. నీటి చెమ్మ తగిలితే పచ్చడికి బూజు పడుతుంది. ఇంటి గోడకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అయితే పచ్చడి విషయంలో చూపే శ్రద్ధను గోడ విషయంలో చూపేవారు తక్కువ. గోడ నల్లబడిన తరువాత దుకాణం నుంచి ఏదో ఒక మందు తెచ్చి చల్లితే పని పూర్తయిందని చాలామంది భావిస్తారు.

బూజు శిలీంధ్రజాతికి చెందిన జీవి. దీనిలో పత్రహరితం ఉండదు. అందువల్ల స్వయంగా ఆహారాన్ని తయారు చేసుకోలేక, తాను పెరిగే పదార్థాన్నే కరిగించి పీల్చుకుంటుంది. దీని సిద్ధబీజాలు కంటికి కనిపించనంత చిన్నవి. అవి గాలిలో ఎల్లప్పుడూ తేలుతూనే ఉంటాయి. అవి లేని ఇల్లు లేదు. తడి దొరికినప్పుడు మొలకెత్తి, సన్నని తంతువులుగా అల్లుకుపోతాయి. కాగితం, చెక్క, తోలు, నూలుబట్ట, గోడకు పట్టిన దుమ్ము – ఇవన్నీ వాటికి ఆహారమే. తడిసిన వస్తువును 24 నుంచి 48 గంటలలోగా పూర్తిగా ఆరబెట్టగలిగితే చాలా సందర్భాలలో బూజు పట్టదు. శిలీంధ్రాలన్నీ మనకు శత్రువులని దీని అర్థం కాదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను కనుగొనడానికి కారణం కూడా ఒక బూజే. ప్రాణాలు కాపాడే బూజు ప్రయోగశాలలో ఉండవచ్చు. పడకగదిలో పెరిగే బూజు మాత్రం మేలు చేయదు.

హైదరాబాదు నగరంలో సంవత్సరపు వర్షంలో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల కురుస్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులోనే దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరులో కూడా నగరంలోని అనేక బస్తీలు, కాలనీలు నీట మునిగాయి. ఇటువంటి వరదలు ఎప్పుడో గాని రావు. కాని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల వసతిగృహాలలో బూజు పట్టడానికి వరదతో పనిలేదు.

మైత్రీవనం పరిసరాలలోని శిక్షణ కేంద్రాలలో చదువుకోవడానికి వివిధ జిల్లాల నుంచి యువతీయువకులు వస్తారు. వారిలో చాలామంది దగ్గరలోని ఇరుకు గదులలో ముగ్గురు నలుగురు కలిసి నివసిస్తారు. ఒకే గదిని చెక్క అడ్డుగోడలతో రెండుగా విభజించిన చోట్లు ఉంటాయి. కిటికీ తెరిస్తే పక్క భవనపు గోడ ఎదురవుతుంది; ఎండ లోపలికి రాదు. స్నానపు గది నుంచి వచ్చే ఆవిరి, లోపలే ఆరవేసిన బట్టల తేమ, నలుగురి ఊపిరిలోని చెమ్మ – ఇవన్నీ గదిలోనే నిలిచిపోతాయి. ఆ తేమ చల్లని గోడను తాకి నీటి బిందువులుగా మారుతుంది. పైకప్పు నుంచి, గొట్టాల నుంచి కారే నీరు దీనికి తోడైతే గోడ నెమ్మెక్కుతుంది. మంచం వెనుక, బీరువా వెనుక, గాలి ఆడని మూలల్లో నల్లని చుక్కలు ముందుగా కనిపిస్తాయి.

ఇది అందానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి ఉబ్బసం, ఇతర శ్వాసకోశ సమస్యలు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు తెలిపాయి. అయితే లేని భయాన్ని పెంచుకోవడం కూడా మంచిది కాదు. 2021లో కరోనా రెండవ దశలో 'బ్లాక్ ఫంగస్' వ్యాధి ప్రబలింది. హైదరాబాదులో కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి దాని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. ఆ సమయంలో గోడపైని నల్లని బూజును చూసి అనేకులు కలవరపడ్డారు. నిజానికి ఆ వ్యాధిని కలిగించే శిలీంధ్రాలు వేరు. అదుపులేని మధుమేహం ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి అది సోకుతుంది. వ్యాధి వల్ల శరీరకణజాలం చనిపోయి నల్లబడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. గోడ నల్లగా ఉండటానికీ, ఆ పేరుకూ సంబంధం లేదు.

బూజు పరచుకున్న ప్రదేశం సుమారు 10 చదరపు అడుగులకు లోపు ఉంటే ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చు. ముందుగా కిటికీలు, తలుపులు తెరవాలి. ముక్కుకు మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ధరించాలి. పొడి చీపురుతో దులపకూడదు. అలా చేస్తే సిద్ధబీజాలు గది అంతటా చెదిరిపోతాయి. గోడను కొద్దిగా తడిపి, బట్టల సబ్బుపొడి కలిపిన నీటితో రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, పంకా వేసి పూర్తిగా ఆరనివ్వాలి. గట్టి ఉపరితలాలకు చాలావరకు ఇదే సరిపోతుంది. చచ్చిన బూజు కూడా కొందరిలో అలర్జీ కలిగిస్తుంది. కాబట్టి బూజును చంపడం కంటే తొలగించడం ముఖ్యం. బాగా బూజు పట్టిన పరుపులను, దిండ్లను శుభ్రం చేయడం సాధ్యం కాదు. వాటిని వదులుకోవడమే మేలు.

స్నానపు గది పలకలపై మరక పోకపోతే ద్రవరూపంలో దొరికే బ్లీచును వాడవచ్చు. లీటరు నీటికి 60 మిల్లీలీటర్లకు మించి కలపకూడదు. పలకలపై అది పనిచేస్తుంది గాని, గచ్చు లోపలికి, చెక్క లోపలికి పాకిన తంతువులను పూర్తిగా చేరలేదు. పైన తెల్లబడిన గోడ కొద్ది రోజులకే మళ్లీ నల్లబడటానికి ఇదొక కారణం. వెనిగర్‌లోని ఆమ్లం కొన్ని రకాల బూజును అణచగలదు. కాని పాలరాతిని, సున్నపు పూతను తినివేస్తుంది. వంటసోడా దుర్వాసనను తగ్గిస్తుంది. వెనిగర్‌ను, వంటసోడాను కలిపితే బుసబుస పొంగడం చూసి అది శక్తిమంతమని కొందరు భ్రమపడతారు. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్ వాయువు మాత్రమే. ఆమ్లం, క్షారం ఒకదానినొకటి తటస్థీకరించుకోగా మిగిలేది లవణం కలిసిన నీరు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. బ్లీచును గాని, బ్లీచింగ్ పౌడరును గాని మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లంతో ఎన్నడూ కలపరాదు. ఆ కలయిక వల్ల క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద సైనికులపై ప్రయోగించింది ఈ వాయువునే. అది గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువైనది కనుక, కిటికీ లేని స్నానపు గదిలో కిందనే నిలిచి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బ్లీచును అమ్మోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా విషవాయువులే పుడతాయి. రెండు మందులు కలిస్తే రెట్టింపు ఫలితం వస్తుందన్న ఆశ ప్రాణం మీదికి తేగలదు. కళ్లు మండి, ఊపిరి ఆడకపోతే వెంటనే బయటి గాలిలోకి రావాలి. 108కి ఫోను చేయాలి.

ఇంతచేసినా తడి ఆగకపోతే బూజు తిరిగి వస్తుంది. కారుతున్న గొట్టాన్ని బాగుచేయించాలి. స్నానపు గదిలో గాలిని బయటికి పంపే పంకా ఉండాలి. బట్టలను మేడమీద ఆరవేయాలి. మంచాన్ని, బీరువాను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా ఉంచాలి. గదిలోని సాపేక్ష ఆర్ద్రత 60 శాతానికి మించకుండా చూడాలి. పండుగలకు ముందు ఇల్లు దులిపి గోడలకు సున్నం వేసే మన ఆచారంలో కూడా ప్రయోజనం ఉంది. కొత్త సున్నపు పూతకున్న తీవ్రమైన క్షారగుణం బూజును ఎదగనివ్వదు.

ఈ బాధ్యత గదిలో ఉండేవారిది మాత్రమే కాదు. పైకప్పు కారుతుంటే గుడ్డతో తుడుచుకొమ్మని విద్యార్థికి చెప్పడం న్యాయం కాదు. బూజుపై కొత్త రంగు పూసి గదిని అద్దెకివ్వడం అంతకంటే అన్యాయం. ఆ రంగు కొద్దికాలానికే పొరలుగా ఊడిపోతుంది. గది చూడటానికి వెళ్లినవారు రంగును కాక, మంచం జరిపి దాని వెనుక గోడను చూడాలి. ముక్క వాసన తగిలితే కారణం అడగాలి. జాడీ మూత తీయగానే చెమ్మను పసిగట్టగలిగిన పెద్దల నేర్పు మనకు గోడ దగ్గర కూడా అవసరం. మరకను తుడిచేది మందు. బూజును ఆపేది పొడిదనం.