క్యాసెట్టు మోసిన పాట

హాస్టల్లో ఏ గదికి పోయినా ఏదో ఒక పాట వినబడుతుంది. ఒకరు సినిమా పాట పెడితే, ఒకరు తీన్మార్ పెడతారు. ఇంకో తమ్ముడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఇంగ్లిష్ రాక్ వింటుంటాడు. వాణ్ని చూసి "నీకేం సమజైతదిరా అది? మన ఆదిలాబాద్‌కు, దానికి ఏం సంబంధం?" అని పక్కనోళ్లు నవ్వుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెబుదామనే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. సంబంధం ఉంది మిత్రులారా. రాక్ వినని మన బాపులకు, అమ్మలకు కూడా ఉంది.

పత్తి చేలల్లో పుట్టిన సంగీతం

రాక్ సంగీతం 1950లలో అమెరికాలో రూపం తీసుకుంది. దానికి తల్లి లాంటిది బ్లూస్. ఆ బ్లూస్ పుట్టింది మిసిసిపి ప్రాంతపు పత్తి చేలల్లో, బానిసత్వం చూసిన నల్లజాతి కూలీల కుటుంబాల్లో. పత్తి అంటే ఏమిటో మన జిల్లా పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. పత్తి ఏరేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లు అందుకుంటారు. అక్కడి కూలీలు కూడా అట్లాగే పాడేవారు. ఒకరు ఎత్తుకోవడం, అందరూ అందుకోవడం అనే పద్ధతి బ్లూస్‌లోకి, అక్కడినుంచి రాక్‌లోకి వచ్చింది.

1941లో అలాన్ లోమాక్స్ అనే పాటల సేకర్త రికార్డింగ్ యంత్రం కారులో వేసుకొని మిసిసిపిలోని ఒక పత్తి ఎస్టేటుకు పోయాడు. అక్కడ పనిచేసే మడ్డీ వాటర్స్ అనే యువకుడి పాటలు రికార్డు చేశాడు. తన గొంతు రికార్డులో విన్నాక తానూ గాయకుణ్నే అనే నమ్మకం కలిగిందని మడ్డీ వాటర్స్ తర్వాత చెప్పుకున్నాడు. 1943లో ఎస్టేటు వదిలి చికాగో పోయాడు. 1962లో లండన్‌లో మొదలైన రోలింగ్ స్టోన్స్ అనే ప్రసిద్ధ రాక్ బృందం ఆయన పాట పేరునే తన పేరుగా పెట్టుకుంది. ఒక పత్తికూలీ తన గొంతు తాను వినడం అంత పెద్ద విషయం.

లక్క మనది, రికార్డు వారిది

మరి అదే కాలంలో మన పాట ఎందుకు రికార్డు కాలేదు? మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు 1902లోనే కలకత్తాలో మొదలయ్యాయి. 1928లో అక్కడి డమ్‌డమ్‌లో పెద్ద ఫ్యాక్టరీ నడిచింది. ఆ కాలపు నల్లటి రికార్డుల తయారీలో ముఖ్యమైన సరుకు లక్క. మోదుగ, కుసుమ, రేగు వంటి చెట్ల మీద బతికే చిన్న పురుగుల నుంచి లక్క వస్తుంది. దాన్ని ఎక్కువగా సేకరించింది ఛోటానాగ్‌పూర్ అడవుల్లోని ఆదివాసీలు. అంటే రికార్డుకు కావలసిన లక్క అడవి నుంచి పోయింది గాని, అడవి పాట మాత్రం దాని మీదికి ఎక్కలేదు.

దానికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది డబ్బు. స్టూడియో, ఫ్యాక్టరీ కంపెనీ చేతిలో ఉంటాయి. ఏ పాట అమ్ముడుపోతుందో కంపెనీయే నిర్ణయిస్తుంది. రెండోది సమయం. ఆ రికార్డులో ఒక వైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. మన ఒగ్గుకథ రాత్రంతా సాగుతుంది. గోండుల దేవతల కథలను ప్రధాన్ కళాకారులు కీక్రి వాయిస్తూ గంటల తరబడి చెబుతారు. 3 నిమిషాల్లో అది ఎట్లా ఇముడుతుంది?

అండర్‌గ్రౌండ్ అంటే ఏమిటి?

పెద్ద కంపెనీ, రేడియో, ప్రభుత్వం అనుమతి కోసం చూడకుండా తమ పాటను తామే రికార్డు చేసి, తామే పంచుకునే సంగీతాన్ని అండర్‌గ్రౌండ్ సంగీతం అంటారు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర బజ్‌కాక్స్ అనే బృందం 1977లో తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి, 1000 రికార్డులు సొంతంగా అచ్చు వేయించుకుంది. అది చూసి ఎందరో కుర్రవాళ్లు అదే బాట పట్టారు.

సోవియట్ రష్యాలో పరిస్థితి ఇంకా కఠినం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ విదేశీ జాజ్, రాక్ పాటలకు ఆంక్షలు ఉండేవి. కుర్రవాళ్లు దవాఖానల్లో పారేసే పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, గుండ్రంగా కత్తిరించి, వాటి మీద దొంగచాటుగా పాటలు చెక్కేవారు. వెలుతురుకు పెట్టి చూస్తే అందులో ఎవరిదో పక్కటెముక కనబడేది. వాటిని ఎముకల రికార్డులు అనేవారు. వాటిని తయారు చేసినందుకు కొందరు జైలుకు కూడా పోయారు.

మన దగ్గర అండర్‌గ్రౌండ్ అనే ఇంగ్లిష్ మాట చదువురాని ముసలివాళ్లకు కూడా తెలుసు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లను యూజీ అనేవారు. మన పాట కూడా కొంతకాలం అట్లాగే బతికింది. దాన్ని మోసింది క్యాసెట్టు.

క్యాసెట్టు ఎట్లా పనిచేస్తుంది?

క్యాసెట్టు చూడని చిన్న తమ్ముళ్ల కోసం కొంచెం వివరిస్తాం. ఫిలిప్స్ కంపెనీ దీన్ని 1963లో తెచ్చింది. లోపల 4 మిల్లీమీటర్ల కన్నా సన్నని ప్లాస్టిక్ రీలు ఉంటుంది. దాని మీద ఇనుప ఆక్సైడ్ పొడి పూత ఉంటుంది. మైకులో పడ్డ శబ్దం కరెంటుగా మారి, హెడ్ అనే చిన్న అయస్కాంతం గుండా ఆ పూత మీద ముద్ర పడుతుంది. ప్లే చేసేటప్పుడు అదే ముద్ర మళ్లీ శబ్దం అవుతుంది. రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. గంట క్యాసెట్టులో ఉండేది సుమారు 90 మీటర్ల రీలు, ఒక్కో వైపు అరగంట.

ఇందులో అసలు సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీ అక్కరలేదు. ఒక టూ ఇన్ వన్ ఉంటే పాట రికార్డు చేయవచ్చు. రెండు ఉంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎక్కించవచ్చు. క్యాసెట్టు వెనుక రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. అవి విరిచేస్తే మళ్లీ రికార్డు కాదు. ఆ సందును కాగితంతో మూస్తే మళ్లీ రికార్డు అవుతుంది. అట్లా సినిమా పాటల క్యాసెట్టు మీద కూడా మన పాట ఎక్కించుకోవచ్చు. ఎన్ని చేతులు మారితే అంత గరగర పెరుగుతుంది. ఒకదాన్నుంచి ఒకటి తీసిన అయిదో కాపీలో గొంతు దూరం నుంచి వచ్చినట్టు వినబడుతుంది. అయినా జనం వినేవారు.

మన జిల్లా పాట

జననాట్యమండలి 1972లో మొదలైంది. బుర్రకథ, ఒగ్గుకథ, పల్లె బాణీలు తీసుకొని, గొంగడి, గజ్జెలు, డప్పుతో గద్దర్ బృందం పాటను ఊరూరికీ తీసుకుపోయింది. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో ఆయన గొంతు తెర మీద కూడా వినిపించింది. 1985 తర్వాత ఆయన అజ్ఞాతంలోకి పోయారు. మనిషి లేడు గాని గొంతు ఊళ్లో ఉంది. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో సభ పెడితే లక్షల్లో జనం వచ్చారు. ఆ జనంలో చాలామంది ఆయన్ను అంతకుముందు చూసి ఉండరు, విని ఉంటారు.

మన జిల్లా నుంచి గూడ అంజయ్య గారున్నారు. దండేపల్లి మండలం లింగాపురం ఆయన ఊరు. అది ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఊరు మీద, కూలి మీద, సర్కారు దవాఖాన మీద ఆయన రాసిన పాటలు రాసినవారి పేరు తెలియనివాళ్ల నోళ్లలో కూడా ఆడాయి. ఆయన 2016లో కన్నుమూశారు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది 13 మంది, స్థానికులు చెప్పేది అంతకు ఎన్నో రెట్లు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి పోవడానికి కూడా ఆంక్షలు ఉండేవి. ఆ రోజును గుర్తుంచుకున్నవాటిలో పాట ఒకటి.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. మా బాపు బడికి పోయింది తక్కువ. కానీ ఆయనకు తెలిసిన చరిత్ర అంతా పాటల్లో తెలిసిందే. ఆయన పెట్టెలో ఒక క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. మీద అయ్యప్ప భజనలు అని రాసి ఉంటుంది. మొదటి పాట నిజంగానే అయ్యప్ప పాట. రెండోది కాదు. 1992లో పీపుల్స్‌వార్ మీద, దాని అనుబంధ సంఘాల మీద నిషేధం వచ్చాక, ఇంట్లో ఏ క్యాసెట్టు ఉందనేది కూడా భయపడే సంగతి అయింది. "పాట ఇంటే తప్పా బాపూ?" అని అడిగితే, "ఇంటే కాదు, దొరికితే తప్పు" అన్నాడు.

డప్పు, గిటారు

రాక్ గిటారు గరగరమని చీలినట్టు మోగుతుంది. మొదట్లో అది యంత్రం లోపం. తర్వాత కావాలని తెచ్చుకున్నారు. లింక్ రే అనే గిటారు కళాకారుడు స్పీకరుకు పెన్సిల్‌తో బొక్కలు పొడిచి ఆ మోత రాబట్టాడు. 1958లో వచ్చిన ఆయన 'రంబుల్' అనే వాద్యంలో ఒక్క మాట కూడా లేదు. అయినా కుర్రవాళ్లు కొట్లాటలకు దిగుతారని కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయలేదు.

మాట లేని మోతకు భయపడటం మనకు కొత్త కాదు. వేప చెక్క గుండు, మేక తోలు, మంట మీద కాపడం, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల, ఇంతే డప్పు. చావుకు, జాతరకు, చాటింపుకు దాన్ని మన వాడల వాళ్లు వెట్టిగా కొట్టారు. అదే డప్పు ఊరేగింపు ముందుకు వచ్చినప్పుడు ఊరి పెద్దలకు వేరే తీరుగా వినబడింది. 1994లో మొదలైన దండోరా ఉద్యమం డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా నిలబెట్టింది. చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం 2018 జనవరిలో మొదటి కచేరీ చేసింది. అందులో వాడల గానా పాటలు, ఎలక్ట్రిక్ గిటారు ఒకే వేదిక మీద మోగాయి.

పాత క్యాసెట్టులో డప్పు విన్నవాళ్లు ఒకటి గమనించి ఉంటారు. దెబ్బ పడగానే గాయకుని గొంతు తగ్గి, మళ్లీ మెల్లగా లేస్తుంది. అది గాయకుని లోపం కాదు. చిన్న రికార్డర్లలో శబ్దం ఎక్కువైతే తనంతట తానే తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. డప్పు దెబ్బకు అది ఉలిక్కిపడేది.

ఇప్పుడు మనం చేయాల్సింది

కాలం మారింది. గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డులు ప్రకటించి 2025 జూన్‌లో ఇచ్చింది. ఒకప్పుడు బియ్యం డబ్బాలో దాచిన గొంతు ఇప్పుడు ప్రభుత్వ వేదిక మీద పేరైంది. పెద్దవాళ్ల పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. మన ఊరి కోరస్‌లో పాడినవాళ్లు, పేరు లేని డప్పు కళాకారులు, పత్తి చేలో బాణీ కట్టిన ఆడవాళ్లు మాత్రం ఎక్కడా దొరకరు. వాళ్లున్నది పెట్టెల్లో పడి ఉన్న క్యాసెట్లలోనే. రేకుల ఇంటి వేడికి, వానాకాలపు చెమ్మకు రీలు మీది పూత రాలిపోతుంది. పూత రాలితే పాట రాలినట్టే.

కాబట్టి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పాత విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా విన్నపం ఇది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు క్యాసెట్లు ఉన్నాయేమో అడగండి. బూజు పట్టినది ఉంటే వెంటనే ప్లే చేయకండి, అది రీలును, యంత్రాన్ని కూడా పాడు చేస్తుంది. బాగున్నదాన్ని మొదట పెన్సిల్‌తో మెల్లగా ఒకసారి చివరిదాకా చుట్టండి. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు వైరు కలిపి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకోవచ్చు. గరగర తీసేయాలని తొందరపడకండి, మొదటి కాపీ ఉన్నది ఉన్నట్టే దాచండి.

అంతకన్నా ముఖ్యం, పేర్లు రాయండి. పాడింది ఎవరు, ఏ ఊరు, బాణీ ఎవరి దగ్గర నేర్చారు, ఏ సంవత్సరం. పాడినవాళ్లు బతికి ఉంటే వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే బయట పెట్టండి. పోయిన పత్తి సీజనులో మేము మా నాయినమ్మ పాట ఫోన్లో రికార్డు చేసి వినిపించాం. "గిది నా గొంతేనా?" అని మూడుసార్లు పెట్టించుకుంది. నాలుగోసారి తనే ఇంకో పాట ఎత్తుకుంది. అది మేము ఇదివరకు ఎన్నడూ వినలేదు.

మన హాస్టల్ లైబ్రరీలో ఇందుకోసం ఒక రిజిస్టరు పెడదామని మిత్రులం అనుకున్నాం. వచ్చే వార్షికోత్సవం నాటికి ఒక్కొక్కరు ఒక్క పాట, ఒక్క పేరు తెచ్చినా ఆ రిజిస్టరు నిండుతుంది. అందరూ సహకరిస్తారని ఆశిస్తున్నాం.