శారీరక శ్రమ - ఆరోగ్యకరమైన బరువు: పల్లె పనుల నేపథ్యం

వ్యాససంగ్రహం: ఆరోగ్యకరమైన బరువును నిలుపుకోవడంలో శారీరక శ్రమ పాత్రను, పల్లె పనుల్లో వచ్చిన మార్పుల నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శ్రమ, శరీర బరువు, శ్రామిక గేయాలు, నడక, పెద్దవంగర.

1. ఉపోద్ఘాతం:
2016లో మండలంగా ఏర్పడిన పెద్దవంగర, మహబూబాబాద్ జిల్లాలో వరి, పత్తి పండే ప్రాంతం. ఒకప్పుడు ఇటువంటి పల్లెల్లో వడ్లు దంచడం, పిండి విసరడం, నీళ్లు మోయడం నిత్యకృత్యాలు. వరంగల్లు ప్రాంతానికి చెందిన ఆచార్య బిరుదురాజు రామరాజు తమ జానపద గేయ పరిశోధనలో శ్రామిక గేయాలకు స్థానం కల్పించారు. రోకటి పాట సాహిత్య సంపద అయితే, రోకటి పోటు దేహానికి వ్యాయామం. అయినా ఆ శ్రమను ఆదర్శంగా చూపరాదు. దాని భారం ఎక్కువగా స్త్రీలపైనే పడింది. తిండి చాలని చోట అది దేహాన్ని కృశింపజేసింది.

2. శ్రమ - శక్తి సమతుల్యత:
ఆహారం వల్ల అందే శక్తి, శరీరం ఖర్చుచేసే శక్తి సమానమైతే బరువు నిలకడగా ఉంటుంది. రైసుమిల్లు, ట్రాక్టరు, మోటారుసైకిలు ఈ ఖర్చును తగ్గించాయి. తిండి ఆ మేరకు తగ్గకపోతే మిగులు శక్తి కొవ్వుగా నిలుస్తుంది. 60 కిలోల వ్యక్తి అరగంట చురుకుగా నడిస్తే సుమారు 110 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఒక కప్పు అన్నం ఇచ్చే శక్తి ఇంతకన్నా ఎక్కువ. కనుక నడక ఒక్కటే బరువును వేగంగా తగ్గించదు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా కాపాడడంలో దాని పాత్ర పెద్దది. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

3. ముగింపు:
పత్తి ఏరే కూలీకి కావలసింది పోషణ, విశ్రాంతి. కుర్చీకి అంటిపెట్టుకున్న అధ్యాపకులకు, పరిశోధకులకు కావలసింది కదలిక. ఒకే సలహా ఈ ఇరువర్గాలకూ వర్తించదు.