పదవతరగతి తరువాత వృత్తివిద్య

పదవతరగతి ఫలితములు వెలువడిన పిమ్మట బోథ్ పరిసర గ్రామములలోని తలిదండ్రులు ప్రతియేడు ఒక నిర్ణయము చేయవలసి వచ్చుచున్నది. పిల్లవానిని ఇంటర్మీడియటులో చేర్పించుటయా, చేనుపనిలో నిలుపుటయా అను రెండు మాటలే సాధారణముగా వినబడును. వృత్తివిద్య అను మూడవ మాట వచ్చినను, అది మార్కులు తక్కువైనవారికి మిగిలిన దిక్కుగా భావింపబడుచున్నది. ఈ భావము సరికాదు. అయితే వృత్తివిద్యలో బాటలు పెక్కు కలవు. వానిలో కొన్ని పైచదువునకు పోవును, కొన్ని నడుమనే ఆగును. ఏ బాట ఎందాక పోవునో చేరకముందే తెలిసికొనవలెనని శ్రోతలకు మనవి చేయుటయే మా ఉద్దేశము.

ఈ చిన్నచూపు మన ప్రాంతమునకే పరిమితము కాదు. 1986 నాటి జాతీయ విద్యావిధానము పైతరగతుల విద్యార్థులలో 1990 నాటికి నూటికి 10 మందిని, 1995 నాటికి 25 మందిని వృత్తివిద్యకు మరల్చవలెనని సంకల్పించినది. ఆ సంకల్పము నెరవేరలేదు. 2012–17 ప్రణాళికలోని అంచనాను ఉదహరించుచు 2020 నాటి విద్యావిధానము తెలిపిన దాని ప్రకారము, 19 మొదలు 24 ఏండ్ల భారతీయ శ్రామికులలో క్రమమైన వృత్తివిద్య పొందినవారు నూటికి 5 మందియైన లేరు. జర్మనీలో ఆ సంఖ్య 75, దక్షిణ కొరియాలో 96.

పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు వృత్తిశిక్షణ కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాత, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాం ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని నియమించినది. ఆయన పూనికతో 1943లో మార్లవాయి గ్రామమున గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణకేంద్రము ఏర్పడినది. గోండీ భాషలో వాచకములు తయారైనవి. శిక్షణ పొందినవారు గోండుగూడెముల బడులలో పంతుళ్లైనారు. ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. అచట నేర్పిన విద్యకు ఎదురుగా చేయవలసిన పని సిద్ధముగా ఉండెను. వృత్తివిద్యను ఎన్నుకొనువారికి నేటికిని ఇదియే మొదటి సూత్రము.

ఇక బాటల సంగతి. మొదటిది ఐ.టి.ఐ. 1950లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన శిక్షణపథకము క్రింద ఇవి నడచుచున్నవి. వెల్డరు వంటి ట్రేడులు ఏడాదిలో ముగియును. ఎలక్ట్రీషియను, ఫిట్టరు వంటివి రెండేండ్లు. ఏడాదిది త్వరగా సంపాదనకు దారి చూపును గాని, రెండేండ్ల ట్రేడును నిర్ణీతమైన మార్కులతో ముగించినవానికి మరియొక వీలు కలదు: ప్రవేశపరీక్ష వ్రాసి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరమున చేరవచ్చును. పిల్లవాడు మున్ముందు చదువదలచినచో ఈ భేదము మరువరానిది.

రెండవది పాలిటెక్నిక్ డిప్లొమా. ఇంజనీరింగు శాఖలకు మూడేండ్లు పట్టును. పాలిసెట్ అను పరీక్షచేత ప్రవేశము. డిప్లొమా ముగించినవారు ఈసెట్ వ్రాసి ఇంజనీరింగు కళాశాలలో రెండవ సంవత్సరమున చేరవచ్చును. వ్యవసాయ విశ్వవిద్యాలయము రెండేండ్ల వ్యవసాయ డిప్లొమాను కూడ నడుపుచున్నది. వారికి అగ్రిసెట్ ద్వారా వ్యవసాయ పట్టపు చదువులో కొన్ని సీట్లు కలవు.

మూడవది ఇంటర్మీడియటు వృత్తివిద్యా శాఖలు. పంటల ఉత్పత్తి, ఎలక్ట్రికల్ టెక్నీషియను, అకౌంటెన్సీ, మెడికల్ ల్యాబ్ టెక్నీషియను మొదలైనవి ఇందున్నవి. బ్రిడ్జి కోర్సు పరీక్షలలో ఉత్తీర్ణులైనవారికి సాధారణ పట్టపు చదువుల ద్వారము తెరచియుండును. ఆ పరీక్షల మాట మొదటనే విచారింపనివారు తరువాత చింతింతురు. ల్యాబ్ టెక్నీషియను కోర్సు రెండేండ్లతో ముగియదు. ఆసుపత్రిలో ఏడాది శిక్షణయు, పారామెడికల్ బోర్డులో నమోదును పిమ్మట కావలసియుండును. ఆ ఏడాది ఖర్చును కూడ ఇంటివారు లెక్కించుకొనవలెను.

పుస్తకములో నేర్చినది చేతికి వచ్చుటకు అప్రెంటిసు శిక్షణ తోడ్పడును. 1961 నాటి చట్టము దీనికి ఆధారము. కర్మాగారములో పని నేర్చుకొనునంత కాలము నెలనెల భృతి లభించును. ఇంటర్మీడియటు వృత్తివిద్య ముగించినవారికి 1986 నాటి సవరణచేత ఈ సౌకర్యము కలిగినది.

బోథ్ ప్రాంతము పత్తికిని సోయాకును పేరుపడినది. పత్తి నడచు చోట జిన్నింగు మిల్లులుండును. బావులున్న చోట మోటార్లు కాలును. ట్రాక్టర్లు, మందుకొట్టు పంపులు చెడుచునే యుండును. కాలిన మోటారుకు వైండింగు చేయువాడు ఊరికి దగ్గరలో లేనిచో, నీరందక రైతు పైరు వాడును. కనుక ఎలక్ట్రీషియను, డీజిలు మెకానిక్కు వంటి పనులకు ఇంటికి చేరువనే గిరాకి ఉండుట సహజము. దూరపు నగరములో మాత్రమే పనికివచ్చు విద్యను ఎన్నుకొనుట తప్పు కాదు. అయితే వలస పోవుటకు సిద్ధపడియే ఎన్నుకొనవలెను.

చేరబోవుచోట కొన్ని ప్రశ్నలు అడుగుట మేలు. ఈ ట్రేడునకు ప్రభుత్వపు గుర్తింపు కలదా? యంత్రములు పనిచేయు స్థితిలో ఉన్నవా? వానిని విద్యార్థి చేత ముట్టింతురా, దూరమునుండి చూపుదురా? వసతిగృహము కలదా? గడచిన సంవత్సరము ముగించినవారు ఇప్పుడేమి చేయుచున్నారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చు జవాబు తక్కిన వానికంటె విలువైనది. ఆడపిల్లల విషయమునను ఇవే ప్రశ్నలు అడుగవలెను. కుట్టుపని తప్ప వేరు ట్రేడు వారికి తగదను నియమము ఏ చట్టమునను లేదు.

పదునైదేండ్ల పిల్లవాడు చేయు ఎన్నిక అతని జీవితమునంతను బంధింపరాదు. పైకి పోవు మెట్టు ఎచట ఉన్నదో తెలిసి చేరినవానికి వృత్తివిద్య పనిని, చదువును రెంటిని నిలుపును. తెలియక చేరినవానికి చేతిపని మిగులును గాని ముందటి చదువు నిలిచిపోవును. దరఖాస్తు వ్రాయుటకు ముందు తలిదండ్రులు ఒక దినము వెచ్చించి ఈ సంగతులు విచారింతురని ఆశించుచున్నాము.