కడుపునొప్పి చెప్పే కబురు

కడుపునొప్పి రాగానే అజీర్తి అనుకొని వాము నమిలించడం, ఆముదం పట్టించడం మన ఇళ్ళలో చిరకాలంగా ఉన్న అలవాటు. అయితే తెలుగు నాట ‘24 గంటల నొప్పి’గా వాడుకలో ఉన్న అపెండిసైటిస్ విషయంలో ఈ అలవాటు ప్రాణాపాయం తేగలదు.

పెద్దప్రేగు మొదట్లో, ఉదరానికి కుడివైపు దిగువన, వేలెడంత పొడవున ఉండే సన్నని గొట్టమే ఉండుకం. గట్టిపడిన మలం వంటివి అడ్డుపడి దాని ద్వారం మూసుకొనిపోతే లోపల సూక్ష్మజీవులు పెరిగి వాపు పుడుతుంది. 1886లో అమెరికా వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ వ్యాధి స్వరూపాన్ని వివరించి దానికి ఆ పేరు పెట్టాడు.

నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలవుతుంది. కొన్ని గంటలకు వాపు ఉదరపు లోపొరను తాకగానే అది కుడివైపు దిగువకు చేరి స్థిరపడుతుంది. ఇట్లా స్థానం మారడమే ముఖ్యమైన గుర్తు. ఆకలి నశించడం, వికారం, వాంతులు, స్వల్ప జ్వరం దీనికి తోడవుతాయి. దగ్గినా, నడిచినా నొప్పి హెచ్చుతుంది.

కుడి తుంటి ఎముక ముందరి మొన నుండి బొడ్డు వరకు గీత గీస్తే, మొన నుండి మూడోవంతు దూరంలో నొక్కినప్పుడు నొప్పి అధికమని 1889లో మెక్‌బర్నీ అనే శస్త్రవైద్యుడు గుర్తించాడు. నొక్కిన వేళ్ళను చటుక్కున తీసినప్పుడు బాధ ఇంకా పెరిగితే లోపొర కూడా వాచిందని వైద్యులు అనుమానిస్తారు. 1986లో ఆల్వరాడో ఇటువంటి లక్షణాలకు, రక్తంలో తెల్లకణాల పెరుగుదలకు కలిపి 10 మార్కుల పద్ధతిని రూపొందించాడు. అల్ట్రాసౌండ్, సి.టి. స్కాన్ పరీక్షలు నిర్ధారణకు తోడ్పడతాయి.

అయినా నిర్ధారణ సులభం కాదు. మూత్రనాళంలో రాయి, స్త్రీలలో అండాశయ వ్యాధులు, గర్భాశయం వెలుపలి గర్భం ఇదే తీరున బాధిస్తాయి. పసిపిల్లలలో, వృద్ధులలో లక్షణాలు స్పష్టంగా కనిపించవు. గర్భిణులలో నొప్పి కొంత పైభాగాన రావచ్చు.

చికిత్స ఆలస్యమైతే ఉండుకం పగిలి చీము ఉదరమంతా వ్యాపిస్తుంది. పగిలిన వెంటనే నొప్పి కాసేపు తగ్గవచ్చు. ఆ ఉపశమనాన్ని నమ్మరాదు. 1902లో ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం రెండు రోజులలో ఉందనగా ఈ వ్యాధి కారణంగానే వాయిదా పడింది. శస్త్రచికిత్సతో కోలుకొన్న పిదప, ఆగస్టు 9న ఆయన కిరీటం ధరించాడు.

నేడు తేలికపాటి వ్యాధిని కొందరిలో యాంటీబయాటిక్ మందులతోనూ నయం చేస్తున్నారు. ఏ మార్గమన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఇంటివారు చేయవలసింది ఒక్కటే: విరేచనకారి మందు ఇవ్వక, జాగు చేయక రోగిని ఆసుపత్రికి చేర్చడం.