ఆరో ముఖం ఎటు పోయింది?

"సార్, దిమ్మ కిందకెళ్లిపోయింది."

క్యాడ్ ల్యాబ్‌లో చివరి వరసలోంచి వచ్చింది ఫిర్యాదు. వెళ్లి చూద్దును కదా, నిజమే. 100 బై 60 పలక, మందం 10 మిల్లీమీటర్లు. దాని నడిమధ్యన బేరింగు కూర్చోవడానికి 50 వ్యాసంతో గుండ్రటి దిమ్మ లేపాడు కుర్రాడు. పక్కనుంచి పైపు పోతుంది, పలక మూల ఒకటి ఏటవాలుగా కోసెయ్యమని చెప్పింది నేనే. వాడు మొదటి స్కెచ్ తెరిచి, మూల దగ్గర ఒక గీత అదనంగా గీసి, మూసేశాడు. మూల తెగింది. పైనుండాల్సిన దిమ్మ మాత్రం పలక అడుగున గబ్బిలంలా వేలాడుతోంది.

"దిమ్మని ముట్టుకున్నావా?"

"లేద్సార్. మూల ఒక్కటే కోశాను."

అన్‌డూ కొట్టమని చెప్పి తప్పించుకోవచ్చు. చాలా ఏళ్లు ఆ సలహాతోనే బండి లాగించాను. ఆ రోజెందుకో, దిమ్మ స్కెచ్ దేనికి అతుక్కుని ఉందో చూడమన్నాను. 'ఫేస్ 6' అని ఉంది. మూల కొయ్యకముందు పలకకి ముఖాలెన్ని? ఆరు. మా ల్యాబ్‌లోని పాత ఫ్రీక్యాడ్ ప్రోగ్రాం వాటికి పేర్లేమీ పెట్టదు, వరసగా నంబర్లు వేసుకుపోతుంది. చుట్టూ ఉన్న పక్కలు 1 నుంచి 4, అడుగు 5, పైది 6. మూల కోశాక పక్కలు ఐదయ్యాయి. దాంతో అడుగు ఆరయింది, పైది ఏడయింది. దిమ్మ పాపం మాట తప్పలేదు. ఆరో ముఖం మీద నిలబడమన్నారు, నిలబడింది.

మనం ఊళ్లో ఇంటి గుర్తులు చెప్పేటప్పుడు చేసే పనే ఇది. "రామాలయం సందులోకి తిరిగితే ఎడం చేతివైపు ఆరో ఇల్లు" అంటాం. మధ్యలో ఖాళీ స్థలం కొన్నవాళ్లు గృహప్రవేశం చేసుకుంటారు. మరుసటేడు మన శుభలేఖ పక్కింటికి పోతుంది. శుభలేఖలు పంచే కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, వాడు లెక్క సరిగ్గానే పెట్టాడు.

ఇంతకీ మూల దగ్గర చిన్న గీత గీస్తే కంప్యూటరు ముఖాలన్నిటినీ మళ్లీ మొదట్నుంచి ఎందుకు లెక్కపెట్టాలి? ఆ మూల ఒక్కటే సరిచేసి ఊరుకోవచ్చుగా? కుర్రాడు అడిగిన అసలు ప్రశ్న ఇది. అక్కణ్ణుంచే నేను పాఠం వదిలేసి కథలో పడ్డాను.

కథ స్కెచ్‌తోనే మొదలవుతుంది. 1963లో ఎంఐటీ విద్యార్థి ఐవన్ సదర్లాండ్ డాక్టరేట్ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాశాడు. గైడు క్లాడ్ షానన్. లింకన్ ల్యాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటరు తెర మీద లైట్‌పెన్‌తో బొమ్మలు గీసేవాడు. చూసినవాళ్లు లైట్‌పెన్ గురించే చెప్పుకుంటారు. నన్నడిగితే అది పైపై తళుకు. అసలు పనితనం లోపల ఉంది. ఆరు భుజాల బొమ్మ ఒకటి వంకరటింకరగా గీస్తాడు. మూలలన్నీ ఫలానా వృత్తం మీద ఉండాలని ఒక షరతు పెడతాడు, భుజాలన్నీ సమానంగా ఉండాలని ఇంకొకటి. బొమ్మ తెర మీదే అటూ ఇటూ సర్దుకుని చక్కటి షడ్భుజి అయి కూర్చుంటుంది. ఆ తర్వాత వృత్తాన్ని చెరిపేస్తాడు.

ఆ సర్దుకోవడం ఎలా జరుగుతుందో చూడండి. ఒక్కో మూలకి అడ్డం ఎంత, నిలువు ఎంత అని రెండు అంకెలుంటాయి. ఒకదాని తర్వాత ఒకటిగా నేరుగా తేల్చేసే వరస ఏదైనా దొరుకుతుందా అని ప్రోగ్రాం ముందు వెతుకుతుంది. దొరక్కపోతే, షరతులన్నీ కలిపి ఎంత తప్పుతున్నాయో కొలిచి, ఒక అంకెని ఆ తప్పు తగ్గే వైపు కాస్త జరుపుతుంది. తర్వాత ఇంకో అంకె. ఆ తర్వాత ఇంకోటి. మళ్లీ మొదటికొస్తుంది. నులక మంచం బిగించడం చూశారా? ఒక వరస లాగితే పక్క వరస వదులవుతుంది, దాన్ని లాగితే ఇంకోటి. నాలుగైదు చుట్లు తిరిగేసరికి మంచమంతా ఒకే బిగువుకి వస్తుంది. సదర్లాండ్ షడ్భుజి సర్దుకున్నదీ అలాగే.

ఈ అంకెల లెక్క చేతికొస్తే స్కెచ్ అంటే భయం పోతుంది. దీర్ఘ చతురస్రానికి నాలుగు మూలలు, అంటే ఎనిమిది అంకెలు. రెండు గీతలు అడ్డంగా ఉండాలి, రెండు నిలువుగా ఉండాలి అంటే నాలుగు షరతులు. ఎనిమిదిలో నాలుగు పోయాయి. పొడవు 100, వెడల్పు 60 అంటే ఇంకో రెండు. మిగిలిన రెండూ బొమ్మ కాగితం మీద ఎక్కడుందో చెప్పేవి. ఒక మూలని తెచ్చి మూలబిందువు దగ్గర కట్టేస్తే అవీ పోతాయి. సున్నా. అప్పుడు ఫ్రీక్యాడ్‌లో గీతలు ఆకుపచ్చగా మారతాయి, సాలిడ్‌వర్క్స్‌లో నీలంలోంచి నలుపుకి. నా పిల్లల్లో సగంమంది ఆ చివరి రెండు అంకెల్నీ గాలికొదిలేస్తారు. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది మరి. వారం తర్వాత ఏదో కొలత మారిస్తే పలక మొత్తం ఎటో జారిపోయి, దాన్ని నమ్ముకున్నవన్నీ వెంటపడతాయి.

బొమ్మ సరే, వస్తువు సంగతి? కంప్యూటరులో ఘన వస్తువుని ఎలా దాచాలన్న దాని మీద 1970లలో రెండు ఇళ్ల మధ్య పోటీ నడిచింది. నాకు ఇష్టమైన తగాదా ఇది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వోల్కర్, అరిస్టైడిస్ రెక్విషా వంటకం రాసినట్టు రాసుకునేవాళ్లు. ఒక దిమ్మ తీసుకో, దాంట్లోంచి ఒక గొట్టం ఆకారం తీసెయ్, దీనికి ఇంకో దిమ్మ కలుపు. వస్తువంటే ఆ చీటీయే. కేంబ్రిడ్జిలో ఇయన్ బ్రెయిడ్ వాళ్లది తోలు లెక్క. వస్తువుకి ఏ ముఖాలున్నాయి, ఏ అంచు ఏ రెండు ముఖాల మధ్యన ఉంది, ఏ మూలలో ఏ అంచులు కలుస్తాయి అని పై చర్మమంతా రాసుకుంటారు. చీటీ పొట్టిగా ఉంటుంది, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కానీ 'ఈ అంచుని గుండ్రంగా చెయ్' అందామంటే చీటీలో అంచు అనేదే ఉండదు. తోలులో అంచుంది, వేలు పెట్టి చూపించొచ్చు. కానీ అది అక్కడికెలా వచ్చిందో తోలుకి గుర్తుండదు, కాబట్టి మార్పు చెయ్యాలంటే తలనొప్పి.

రెండిళ్లకీ గట్టి వియ్యం కుదిర్చినవాడు శామ్యూల్ గైస్‌బర్గ్. లెనిన్‌గ్రాడ్‌లో గణితం చెప్పుకునే మనిషి. 1974లో అమెరికాకి వలస వెళ్లి, కంప్యూటర్‌విజన్‌లోనూ అప్లికాన్‌లోనూ పనిచేసి, 1985లో పారామెట్రిక్ టెక్నాలజీ అనే సొంత కంపెనీ పెట్టాడు. వాళ్ల ప్రో-ఇంజనీర్‌లో చీటీ ఉంటుంది. ఇప్పుడు తెరకి ఎడమ పక్కన చెట్టులా కనిపించేది అదే. కొలత మార్చిన ప్రతిసారీ ఆ చీటీని సంబంధిత మెట్టు నుంచి కిందిదాకా మళ్లీ వండి, కొత్త తోలు తీస్తారు. మార్పు చేసుకోవడానికయ్యే ఖర్చు సున్నాకి వీలైనంత దగ్గరగా ఉండాలన్నది ఆయన పట్టు. మా కుర్రాడి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. పాత పలకని ఎవరూ సరిచెయ్యలేదు. పాతది పారేసి, ఐదు పక్కలతో కొత్త పలక వండారు.

ఏ వియ్యంలోనైనా తగువుండకపోదు. చీటీలో రెండో మెట్టు అంటుంది, 'మొదటి మెట్టులో వచ్చిన తోలు మీద ఫలానా ముఖం తీసుకో' అని. ఆ ముఖమేమో పొద్దున్న పుట్టింది, సాయంత్రానికి ఉండదు. రోజూ కొత్తగా పుట్టేదానికి శాశ్వతమైన పేరెలా పెడతారు? నంబరిస్తే మా దిమ్మ గతే. అంతకంటే తెలివైన పద్ధతి ఇంటిపేరు పెట్టడం, అంటే 'మొదటి స్కెచ్‌లో మూడో గీత లేపిన ముఖం' అని పుట్టుకని బట్టి పిలవడం. కొత్త గీత వచ్చినా పాత గీత బిడ్డలకి పేరు మారదు. దీన్ని 1990లలో పర్‌డ్యూలో క్రిస్టాఫ్ హాఫ్‌మన్ బృందంతో సహా చాలామంది తవ్విపోశారు. అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. పై ముఖం మధ్యలోంచి ఈ చివర నుంచి ఆ చివరకి గాడి కొట్టారనుకోండి. ఒక ముఖం రెండయింది. రెండింటిదీ ఒకే పుట్టుక. అన్నదమ్ములు ఇంటి మధ్యన గోడ కట్టి పంచుకుంటే, పాత డోర్ నంబరుకి వచ్చిన రిజిస్టర్డ్ పోస్టు ఎవరికివ్వాలి? పోస్ట్‌మ్యాన్‌కి తోచినట్టు ఇస్తాడు. సాఫ్ట్‌వేరూ అంతే, చుట్టుపక్కల ముఖాల్ని చూసి ఊహిస్తుంది. ఎక్కువసార్లు ఊహ నిజమవుతుంది. తప్పిన రోజున చెట్టంతా ఎర్రగా పండుతుంది.

అందుకే పాతకాపులు దేన్నీ ఊరికే వస్తువు ముఖానికి తగిలించరు. ఏ మోడల్‌లోనైనా పుట్టుకా చావూ లేనివి మూడే ఉన్నాయి, మూలబిందువులో కలిసే మూడు తలాలు. నా కుర్రాడి దిమ్మ స్కెచ్‌ని ఫేస్ 6 నుంచి పీకి, అడుగు తలానికి 10 మిల్లీమీటర్ల ఎత్తున కట్టించాను. ఆ 10 కూడా అంకెగా కొట్టలేదు, పలక మందానికి పెట్టిన పేరుతో ముడేశాం. ఇక మందం 14 చేసినా దిమ్మ దానంతటదే పైకి జరుగుతుంది. మూలలు ఎన్ని కోసినా దానికి పట్టదు. అంచుల్ని గుండ్రం చేసే ఫిలెట్లు, ఏటవాలుగా కోసే చాంఫర్లు చీటీకి అట్టడుగున ఉండాలని అందరూ చెప్పేదీ ఇందుకే. ఒక అంచుని గుండ్రం చేస్తే ఆ అంచు చచ్చిపోయి రెండు కొత్త అంచులు పుడతాయి. ముందే చేసేస్తే, వెనకొచ్చేవాళ్లు ఆ అర్భకపు అంచుల్నే పట్టుకుని వేలాడతారు.

పార్టులన్నీ కలిపే అసెంబ్లీకొస్తే లెక్క మారుతుంది, సూత్రం అదే. గాల్లో వదిలిన వస్తువుకి ఆరు స్వేచ్ఛలు. మూడు వైపులా జరగొచ్చు, మూడు అక్షాల చుట్టూ తిరగొచ్చు. మొదటి పార్టుని నేలకి బిగించి ఆరూ తీసేస్తాం. షాఫ్టుని రంధ్రంతో ఏకకేంద్రం చేస్తే నాలుగు పోతాయి. ముందుకీ వెనక్కీ జారడం, తనచుట్టూ తాను తిరగడం మిగులుతాయి. షాఫ్టు భుజం ముఖాన్ని దిమ్మ ముఖానికి ఆనిస్తే, ముఖానికి ముఖం కాబట్టి మూడు పోవాలి. నాలుగూ మూడూ ఏడు. ఉన్నవే ఆరు! అయినా షాఫ్టు హాయిగా తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆ మూడింటిలో రెండు, అంటే వంగకుండా నిటారుగా ఉండమన్న మాటలు, అంతకుముందే చెప్పేశాం. చెప్పిందే రెండోసారి చెప్పాం. కంప్యూటరు దాన్ని సహిస్తుంది. కానీ రెండోసారి చెప్పింది మొదటిదానితో వెంట్రుకవాసి తేడాగా ఉంటే సహించదు.

అది నాకు అనుభవమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గేర్‌బాక్సు మూత గీశాను, రెండు రంధ్రాల మధ్య 60 మిల్లీమీటర్లు. బాడీ గీసిన పాత ఫైలు అంగుళాల్లో ఉంది, అక్కడ 2.36. నేను రెండు రంధ్రాలకీ ఏకకేంద్రం పెట్టాను. ఒకటి ఒప్పుకుంది, రెండోది ఎర్రబడింది. సాయంత్రందాకా జుట్టు పీక్కున్నాను. 2.36 అంగుళాలంటే 59.944 మిల్లీమీటర్లు. షాపులో అయితే ఈ తేడా ఎవరికీ కనపడదు, ఎం 10 బోల్టుకి 11 రంధ్రం కొడతారు, మధ్యలో మిల్లీమీటరు ఖాళీ ఉంటుంది. కంప్యూటరుకి ఖాళీ తెలీదు, దానికి కేంద్రాలే తెలుసు. ముఖం ఆనించి, ఒక రంధ్రం కలిపాక మిగిలే స్వేచ్ఛ ఒక్కటే, చుట్టూ తిరగడం. దాన్ని ఆపడానికి అంచుకి అంచు సమాంతరం అంటే సరిపోయేది. ఆ ఒక్కదాని కోసం ఇంకో రంధ్రాన్ని మొత్తంగా తెచ్చి మీద పెట్టాను.

తమాషా ఏమిటంటే టూల్‌రూమ్ మేస్త్రీలకి ఇది కంప్యూటర్లకంటే ముందే తెలుసు. ఫిక్చర్లో రెండు రంధ్రాల మీద పార్టుని నిలబెట్టేటప్పుడు ఒక పిన్ను గుండ్రంగా, రెండోది రెండు పక్కలా చెక్కేసి పెడతారు. డైమండ్ పిన్ అంటారు దాన్ని. అది తిరగడం ఒక్కటీ ఆపుతుంది, రంధ్రాల మధ్య దూరంలో కాస్త తేడా ఉన్నా తనకి సంబంధం లేదంటుంది. నారాయణ, కన్నయ్య, వెంకటరెడ్డి గార్ల మెషిన్ డ్రాయింగ్ పుస్తకంతో షీట్లు నింపిన రోజుల్లో ఆ పిన్ను అలా ఎందుకు చెక్కారో నేను ఆలోచించనే లేదు.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1995లో సాలిడ్‌వర్క్స్ వచ్చి ఈ చెట్టుని మామూలు విండోస్ కంప్యూటర్లోకి దింపింది. గైస్‌బర్గ్ పెట్టిన కంపెనీ 1998లో ఆయన పాత యజమాని కంప్యూటర్‌విజన్‌నే కొనేసింది. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్ 1.0 నంబరు వేసుకోవడానికి 2024 నవంబరు దాకా ఆగింది. ఆ విడుదలలో పెద్ద వార్త ముఖాల పేర్ల జబ్బుకి మందు రావడమే. మా ల్యాబ్‌లోకి అదింకా రాలేదు.

కుర్రాడు నాలుగు మూలల్లో ఎం 10 బోల్టులకి రంధ్రాలు పెట్టి, పలకా బోల్టులూ కలిపి అసెంబ్లీ చేశాడు. బోల్టు ఫైలు ఒకటే, నాలుగుచోట్ల వాడాడు. స్వేచ్ఛలన్నీ సున్నా. చెట్టంతా పచ్చగా ఉంది. ప్రింటు తీసుకుని ఇద్దరం వర్క్‌షాప్‌కి వెళ్లాం. అక్కడ ఫిట్టింగు చూసే పెద్దాయన కళ్లజోడు పైకి తోసి, కాగితం దూరంగా పట్టుకుని చూశారు.

"ఏమయ్యా, దిమ్మకీ బోల్టు సెంటర్‌కీ మధ్య ఎంత పెట్టావ్?"

"12 అండి."

"మరి పదిహేడు పానా ఎక్కడ దూరుద్ది?"

వాడు నా వంక చూశాడు. నేను ప్రింటు వంక చూశాను. తిరిగి ల్యాబ్‌కొచ్చి 12ని 20 చేశాడు. పలక పొడుగైంది, రంధ్రాలు నాలుగూ జరిగాయి, బోల్టులు వాటి వెంట వెళ్లాయి. దిమ్మ ఉన్నచోటనే ఉంది.