పులిజూదం ఆడండి.. ప్రాజెక్టు చేయండి!

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే అటెండెన్స్ యాప్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, చాట్‌బాట్. క్లాసులో సగంమంది రెజ్యుమెల్లో ఇవే ఉంటే ఇంటర్వ్యూలో మీ గురించి అడగడానికి ఏముంటుంది? ఓసారి మీ ఊరి గుడి అరుగు చూసి రండి. అక్కడ రాతి మీద చెక్కిన త్రికోణపు గీతలు కనిపిస్తే, అది పులిజూదం. కొన్నిచోట్ల పులిమేక అంటారు.

కబడ్డీ, ఖోఖోలకు రాసిపెట్టిన నిబంధనలున్నాయి, సంఘాలున్నాయి. 2014లో ప్రొ కబడ్డీ, 2022లో అల్టిమేట్ ఖోఖో వచ్చాక అవి మన ఫోన్లలోకీ చేరాయి. అరుగు మీది ఆటలకు ఆ అండ లేదు. గీతలు రాతి మీదున్నా, నియమాలు పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి. వాళ్లతోపాటే అవీ పోతాయి.

ముందు ఫోన్.. తర్వాతే కోడ్

ఆట తెలిసిన తాతయ్యనో, అమ్మమ్మనో అనుమతి అడిగి, ఆడిస్తూ వీడియో తీయండి. 3 పులులు, 15 మేకలు అన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. మేకలన్నీ దించాకే జరపాలా? పులి ఒకే ఎత్తులో రెండు మేకల్ని చంపొచ్చా? ఇలాంటివి తప్పక అడగండి. ఊరికో తీరు చెబితే ఏది కరెక్టని తేల్చొద్దు. ఊరి పేరుతో సహా అన్నీ రాసుకోండి.

ఇక కోడ్. 23 చుక్కలు నోడ్‌లు, గీతలు ఎడ్జ్‌లు.. మీరు చదివిన గ్రాఫే. ఎత్తులు వేయడానికి మినిమాక్స్, ఆల్ఫా-బీటా ప్రూనింగ్ సరిపోతాయి. చిక్కంతా వేరేచోట ఉంది. పులి గెలవాలంటే మేకల్ని చంపాలి, మేకలు గెలవాలంటే పులుల్ని కదలకుండా కట్టేయాలి. కాబట్టి ఎవరు ముందున్నారో లెక్కించే ఫార్ములా మీరే ఆలోచించాలి. ఊరికో నియమాన్ని సెట్టింగ్‌గా పెట్టి, కంప్యూటర్‌తోనే వేలసార్లు ఆడించండి. ఏ ఊరి నియమం పులికి లాభమో తేలుతుంది. ఇంటర్వ్యూలో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

డేటా సైన్స్ వాళ్లకు అష్టాచమ్మా ఉంది. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా 4, బోర్లా పడితే అష్టా 8. గవ్వ నాణెంలా సమతూకంగా ఉండదు. వెయ్యిసార్లు వేసి లెక్కరాస్తే మీ సొంత డేటాసెట్ రెడీ!

ఇది పిల్లలాట కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో 2018లో మొదలైన డిజిటల్ లుడీమ్ ప్రాజెక్టు, ‘లుడీ’ సాఫ్ట్‌వేర్‌లో ప్రపంచంలోని వందలాది సంప్రదాయ ఆటల నియమాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టింది.

కోడ్ గిట్‌హబ్‌లో, వీడియోలు వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. కామన్స్‌లో పెట్టినవి ఎవరైనా వాడుకోవచ్చని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

చివరిగా ఒక టెస్టింగ్ మిగిలుంటుంది. యాప్‌లో ఆట నేర్చుకున్న పిల్లల చేతికి సుద్దముక్క, గుప్పెడు చింతపిక్కలు ఇవ్వండి. ఫోన్ చూడకుండా నేల మీద గీసి ఆడగలిగారా? అయితే మీ ప్రాజెక్టు పాసైనట్టే.